చుక్క కనిపిస్తోంది, వెళ్లి తెచ్చుకుందామంటున్నారు

అమెరికాలో డాలస్ దగ్గర ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడ పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం చాలా పొడవుగా ఉంది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడ, భర్త, ఆరేళ్ల బాబు ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో కింది అంతస్తులో అద్దెకు ఉంటున్నారు. భర్త హెచ్‌1బీ మీద ఉద్యోగం చేస్తున్నారు. దసరా సెలవులకు ఆస్టిన్‌లో స్నేహితుల ఇంట్లో బొమ్మల కొలువుకు వెళ్లి ఆదివారం రాత్రి తిరిగొచ్చేసరికి, వెనక పాటియో వైపు జరుపుడు గాజు తలుపు గొళ్లెం విరిగి ఉంది, తలుపు జానెడు తెరిచి ఉంది. డైనింగ్ టేబుల్ మీద భర్త ఆఫీసు లాప్‌టాప్, ఆవిడ మ్యాక్‌బుక్, బాబు ఐప్యాడ్, టీవీ కింద అరలో ఉన్న హార్డ్ డిస్క్, వంటింటి సొరుగులోని పాత ఆండ్రాయిడ్ ఫోన్ పోయాయి. ఆ ఫోన్‌లో ఇండియా సిమ్ ఉంది. బ్యాంకు ఓటీపీల కోసం మామగారి పేరు మీద తీసుకున్న సిమ్ అది. బెడ్‌రూంలో ఒక గొలుసు, రెండు గాజులు కూడా పోయాయి. కాగితాల ఫైలు తెరిచి నేల మీద చల్లినట్టు పడేశారు. పోలీసాయన ఒకరు వచ్చి ఫొటోలు తీసి, కేస్ నంబర్ రాసిన కార్డు ఇచ్చి, సీరియల్ నంబర్లు దొరికితే పంపమని వెళ్లారు. ఆ తర్వాత అటు నుంచి ఫోన్ లేదు.

ఇక ఇంట్లో సంగతి. ప్రయాణం రోజు పొద్దున తులసి కుండీకి నీళ్లు పోయడానికి ఆ తలుపు తీసింది ఆవిడే. గొళ్లెం వేశారు గానీ తలుపు పట్టాలో రోజూ అడ్డంగా పెట్టే కర్ర పెట్టడం మరిచిపోయారు. భర్త ఆ కర్ర మాట వదలడం లేదు. మరోవైపు పోయిన ఆపిల్ పరికరాలు ఎక్కడున్నాయో చూపించే 'ఫైండ్ మై' యాప్‌లో మ్యాక్‌బుక్, ఐప్యాడ్ రెండూ అరగంట దూరంలో ఇంకో అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ మీద చుక్కలా కనిపిస్తున్నాయి. ముగ్గురు స్నేహితులను వెంటపెట్టుకుని వెళ్లి తెచ్చుకుందామని ఆయన పట్టు. ఒక స్నేహితుడేమో ఇన్సూరెన్స్‌కి పంపే లిస్టులో ఇంకో పది తులాల బంగారం కలపండి, అందరూ చేసేదే అంటున్నాడు. ఆఫీసుకు ఇంకా చెప్పలేదు. బాబు రాత్రుళ్లు లేస్తున్నాడు. ఇండియాలో ఎవరికీ, వేరే ఊళ్లో ఉన్న తమ్ముడికి కూడా, చెప్పలేదు. తెనాలిలో ఒంటరిగా ఉన్న తల్లికి బీపీ, అత్తగారికి తెలిస్తే తప్పు తన మీదికే వస్తుందని భయం.

అన్నిటికంటే ఆవిడను తినేస్తున్నది ఆ హార్డ్ డిస్క్. తండ్రి పోయి ఏడాదిన్నర అయింది. అంతకుముందు ఇండియా వెళ్లినప్పుడు ఆయన మనవడికి కథలు చెబుతుంటే ఫోన్‌లో తీసిన వీడియోలు అందులో ఉన్నాయి. ఫోన్ నిండిపోయిందని డిస్క్‌లోకి ఎక్కించి ఫోన్‌లోంచి తీసేశారు. "డిస్కే కదా, ఇంతకంటే పెద్దది కొనిస్తాను అంటారు మావారు. లాప్‌టాప్‌ల కంటే దాని కోసమే ఎక్కువ ఏడుస్తున్నాను. నాకేమైనా పిచ్చా?" అని అడిగారు. చుక్క వెంట వెళ్లాలా, క్లెయిమ్ ఎలా చేయాలి, ఇండియాలో చెప్పాలా, డిస్క్ దొరికే దారేమైనా ఉందా, ఇవీ ప్రశ్నలు.

సమాధానం:

పిచ్చి కాదమ్మా. మిగతావన్నీ షాపులో దొరుకుతాయి, అది దొరకదు. మీ ఏడుపులో లెక్క తప్పేమీ లేదు. డిస్క్ సంగతికి నిదానంగా వస్తాను, అక్కడ చెప్పాల్సింది చాలా ఉంది. దానికంటే ముందు, మీరు అడగకుండా ఒక వాక్యంలో దాటేసిన విషయం ఒకటుంది. ఆఫీసు లాప్‌టాప్.

ఈ ఉత్తరంలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అదే. ఆ లాప్‌టాప్ మీది కాదు, కంపెనీది. అందులో ఎవరి డేటా ఉందో, ఎవరికి జవాబు చెప్పుకోవాలో కంపెనీకే తెలియాలి. దొంగతనం జరిగిందని తెలియగానే వాళ్ల ఐటీ వాళ్లు దూరం నుంచే దాన్ని లాక్ చేస్తారు, తుడిచేస్తారు, ఆయన పాస్‌వర్డ్‌లు మారుస్తారు. ఇలాంటివి కంపెనీలకు కొత్త కాదు. ఇల్లు పగలగొట్టి ఎత్తుకుపోతే ఉద్యోగం తీసేయడం అరుదు. తెలిసి కూడా రోజుల తరబడి చెప్పలేదని తేలితే మాత్రం సంజాయిషీ చెప్పుకోవడం కష్టం. ఉద్యోగం పోతే హెచ్‌1బీ వాళ్లకు ఇంకో ఉద్యోగం చూసుకోవడానికో దేశం వదలడానికో మామూలుగా 60 రోజుల గడువే ఉంటుందని ఆయన భయపడుతుండవచ్చు. ఆ భయం అబద్ధం కాదు. కాకపోతే ఆలస్యం చేసిన కొద్దీ అది నిజమయ్యే అవకాశమే పెరుగుతుంది. ఈ జవాబు చదవడం ఆపి అయినా సరే, మేనేజర్‌కూ ఐటీ హెల్ప్‌డెస్క్‌కూ కేస్ నంబర్‌తో మెయిల్ పెట్టమనండి. ఎప్పుడు తెలిసింది, పోలీసులకు ఎప్పుడు చెప్పాం అన్నది ఉన్నది ఉన్నట్టు రాయమనండి.

ఇక్కడ ఒక ఊహ చెబుతాను, తప్పయితే కొట్టిపారేయండి. కర్ర గురించిన గొడవ మొదలైంది ఆఫీసుకు చెప్పని ఆ రోజుల్లోనే. ఆఫీసు లాప్‌టాప్‌ను గాజు తలుపులోంచి కనిపించేలా డైనింగ్ టేబుల్ మీద వదిలింది ఆయన. ఆ మాట మీరు అనలేదు, ఆయనా అనుకోలేదు. నేను దాన్ని మీ చేతికి ఆయుధంగా ఇవ్వడం లేదు. ఆ మెయిల్ వెళ్లిపోయాక కర్ర మాట కొంత తగ్గుతుందనే నా నమ్మకం. తగ్గకపోతే అప్పుడు కూర్చుని మాట్లాడుకోండి. కర్ర ఉంటే దొంగకు కొంత ఆలస్యమయ్యేది, నిజమే. గొళ్లెం విరగ్గొట్టడానికి పనిముట్టు తెచ్చుకున్నవాడు గాజు పగలగొట్టేవాడేమో, ఎవరికి తెలుసు? మీ తప్పేమీ లేదని తీపి మాటలు చెప్పను. కర్ర మరిచిపోవడం మరుపే, ఇల్లు దోచింది మాత్రం దొంగ.

ఇప్పుడు చుక్క. తన వస్తువు ఎక్కడుందో కళ్లకు కనిపిస్తుంటే ఊరికే కూర్చోవడం ఎవరికైనా కష్టమే. కానీ ఆ చుక్క ఇంటి నంబర్ చెప్పదు. ఆ పరికరం చుట్టూ ఉన్న వైఫైలు, అటుగా పోయే ఇతర ఆపిల్ పరికరాలు, వీటిని బట్టి వేసే అంచనా అది. మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఏ అంతస్తు, ఏ తలుపు అన్నది అందులో ఉండదు. డెన్వర్‌లో జరిగిన రెండు సంఘటనలు ఆయనకు చదివి వినిపించండి. 2020 ఆగస్టులో ఒక కుర్రాడు తన ఫోన్ కొట్టేసినవాళ్లు ఫలానా ఇంట్లో ఉన్నారని యాప్‌లో చూసి, పగ తీర్చుకోవాలని స్నేహితులతో కలిసి అర్ధరాత్రి దాటాక ఆ ఇంటికి నిప్పు పెట్టాడు. ఆ ఇంట్లో ఉన్నది సెనెగల్ నుంచి వచ్చిన కుటుంబం. ఫోన్‌తో వాళ్లకే సంబంధమూ లేదు. ఇద్దరు పసిపిల్లలతో సహా అయిదుగురు చనిపోయారు. రెండోది 2022 జనవరిలో. ఈసారి అదే చుక్కను నమ్మింది పోలీసులే. దొంగిలించిన ట్రక్కులోని ఐఫోన్ ఒక ఇంట్లో ఉన్నట్టు కనిపించిందని 77 ఏళ్ల ఒంటరి ముసలావిడ ఇంటి మీద సాయుధ బలగంతో దాడి చేశారు. అక్కడ ఏమీ దొరకలేదు. 2024లో జ్యూరీ ఆవిడకు 37 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. వారెంటు చేత పట్టుకున్న పోలీసులే తలుపు తప్పుగా తట్టారంటే, మనవాళ్లు నలుగురు వెళ్లి సరైన తలుపు తడతారన్న నమ్మకం ఏమిటి? పైగా అది టెక్సస్. తుపాకీ ఇంట్లో ఉండటం అక్కడ వింత కాదు. చీకటి పడ్డాక నలుగురు మగవాళ్లు తలుపు బాదితే, లోపలి మనిషి దొంగ అయినా కాకపోయినా ఏం చేస్తాడో చెప్పలేం.

వెళ్లకపోతే చేయగలిగింది ఏమిటి? చుక్క కనిపించిన ప్రతిసారీ తేదీ, టైమ్ కనపడేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఒకే చోట రాత్రుళ్లు నిలకడగా ఉంటోందా, పగలు కదులుతోందా రాసి పెట్టండి. ఇవి, సీరియల్ నంబర్లు కలిపి మీ కేస్ నంబర్ కింద అదనపు సమాచారంగా చేర్చమని పోలీస్ స్టేషన్ నాన్-ఎమర్జెన్సీ నంబర్‌కు ఫోన్ చేసి అడగండి. కేసు ఏ డిటెక్టివ్‌కు వెళ్లిందో కనుక్కోండి. ఒంటరి ఇల్లయితే పోలీసులకు వారెంటు అడగడానికి కొంత ఆధారం ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో చుక్క ఒక్కటే చాలకపోవచ్చు, దాని కోసం జడ్జి దగ్గరికి వెళ్లడానికి వాళ్లు ఇష్టపడకపోవచ్చు. నిరాశగా ఉంటుంది, ఉన్నమాట చెబుతున్నాను. కానీ సీరియల్ నంబర్ విలువ మీకు తెలియాలి. పోలీసులు దాన్ని ఎఫ్‌బీఐ నడిపే ఎన్‌సీఐసీ అనే దేశవ్యాప్త రికార్డులో ఎక్కిస్తారు. ఆ తర్వాత ఏ కుదువ కొట్టులోనో, ఇంకో కేసులో పట్టుకున్న కారు డిక్కీలోనో మీ మ్యాక్‌బుక్ కనబడితే, అది మీదని తేలేది ఆ నంబర్ వల్లే. నంబర్ లేకపోతే అది వెయ్యి మ్యాక్‌బుక్‌లలో ఒకటి. అట్టపెట్టె పారేశామని దిగులు పడకండి. మీ ఆపిల్ అకౌంట్‌లో పరికరాల పేజీ తెరిస్తే ఉంటుంది, కొన్న షాపు బిల్లు మీద కూడా సాధారణంగా ఉంటుంది. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఎవరైనా మీ వస్తువే అమ్మకానికి పెట్టినట్టు కనిపిస్తే, కొనేవాళ్లలా నటించి వెళ్లకండి. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి డిటెక్టివ్‌కు పంపండి.

ఫైండ్ మైలో రెండింటినీ పోయినట్టు గుర్తు పెట్టారో లేదో మీరు రాయలేదు. పెట్టకపోతే ఇప్పుడే పెట్టండి, లాక్ పడుతుంది, చుక్క కనిపిస్తూనే ఉంటుంది. పూర్తిగా తుడిచేయాలా అన్నది మీ నిర్ణయం. మ్యాక్‌బుక్‌కు గట్టి పాస్‌వర్డ్ ఉంటే కొన్నాళ్లు ఆగవచ్చు. బాబు ఐప్యాడ్‌కు పాస్‌కోడ్ లేకపోతే, అందులో మీ మెయిల్ తెరిచి ఉంటే, తుడిచేయడమే మంచిది. ఏది చేసినా వాటిని మీ అకౌంట్ నుంచి మాత్రం తీసేయకండి. తీసేస్తే లాక్ ఊడిపోతుంది, వాడు హాయిగా కొత్తదానిలా అమ్ముకుంటాడు. అందుకే మీకు మెసేజ్‌లు వస్తాయి చూడండి. "మీ ఐప్యాడ్ దొరికింది, ఈ లింక్ నొక్కి లాగిన్ అవండి" అని ఆపిల్ పంపినట్టే ఉంటుంది. కొందరు తీసేయకపోతే మీ ఫొటోలు బయటపెడతాం అని బెదిరిస్తారు కూడా. దేనికీ జవాబివ్వకండి. వచ్చిన నంబర్‌ను కూడా డిటెక్టివ్‌కు పంపండి.

వస్తువులు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. లోపల ఉన్నది మాత్రం ఈ రోజు నుంచే కాపాడుకోవాలి. మీ మ్యాక్‌బుక్‌లో టాక్స్ రిటర్న్‌ల పీడీఎఫ్‌లు ఉండే ఉంటాయి, వాటిలో మీ కుటుంబం సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉంటాయి. ముందు ఇద్దరి మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని పరికరాల నుంచి లాగ్ అవుట్ కొట్టండి. ఆ తర్వాతే బ్యాంకులు, ఎందుకంటే బ్యాంకు పాస్‌వర్డ్ మార్చే దారి మెయిల్ గుండానే పోతుంది. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, అప్పుల చరిత్ర దాచే ఈ మూడు సంస్థల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ పెట్టండి, అంటే మీ పేరు మీద ఇంకొకడు కొత్త అప్పు తీసుకోకుండా తాళం. 2018 నుంచి ఇది ఉచితం, కావలసినప్పుడు తీసేసుకోవచ్చు. అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఐఆర్‌ఎస్ సైట్‌లో ఐడెంటిటీ ప్రొటెక్షన్ పిన్ తీసుకుంటే మీ పేరు మీద ఇంకొకడు టాక్స్ రిఫండ్ కొట్టేయడం కుదరదు. నేల మీద పడ్డ కాగితాలను కుప్పగా ఫైల్లోకి తోసేశారని అనుకుంటున్నాను. మళ్లీ తీసి ఒక్కొక్కటి చూసుకోండి: మూడు పాస్‌పోర్ట్‌లు, ఐ-797లు (హెచ్‌1బీ ఆమోద పత్రాలు), సోషల్ సెక్యూరిటీ కార్డులు, బాబు బర్త్ సర్టిఫికెట్. పాస్‌పోర్ట్ పోయి ఉంటే ఆ సంగతి కూడా పోలీస్ రిపోర్టులో చేర్పించి, పాస్‌పోర్ట్ అర్జీలు తీసుకునే వీఎఫ్‌ఎస్ సంస్థ ద్వారా కొత్తదానికి అప్లై చేయాలి. దాంతోపాటు వీసా స్టాంపూ పోయినట్టే. కొత్త స్టాంపు అమెరికాలో వేయరు, దేశం దాటి వెళ్లినప్పుడు అమెరికా కాన్సులేట్‌లో వేయించుకోవాలి. అమెరికాలో మీరు ఉండటానికి ఆధారం ఐ-94 అనే ప్రవేశ రికార్డు, అది ఆన్‌లైన్‌లో మళ్లీ దింపుకోవచ్చు. కాబట్టి కంగారు వద్దు, ఇండియా ప్రయాణం టిక్కెట్లు మాత్రం తొందరపడి కొనకండి.

ఇక సొరుగులోని ఆ పాత ఫోన్. మన వాళ్లలో చాలామంది ఇళ్లలో ఇలాంటి ఫోన్ ఒకటి ఉంటుంది. చార్జర్‌కు వేలాడుతూ, నెలకోసారి రీచార్జ్ చేయించుకుంటూ, ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉన్న మనవాళ్ల బ్యాంకు) అకౌంట్‌కు ఓటీపీ వచ్చినప్పుడు మాత్రమే గుర్తొచ్చే ఫోన్. దాని ఖరీదు యాభై డాలర్లు కూడా ఉండదు. కానీ ఆ సిమ్‌ను తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ వాడి చేతికి వస్తాయి, సిమ్‌కు పిన్ పెట్టుకున్నవాళ్లు తక్కువ. ఇండియా బ్యాంకుకు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. సిమ్ బ్లాక్ చేయించి డూప్లికేట్ తీసుకోవడం మాత్రం మీ చేతిలో లేదు. సిమ్ మామగారి పేరు మీద ఉంది, ఆధార్ తీసుకుని కంపెనీ స్టోర్‌కు వెళ్లాల్సింది ఆయనే.

చూశారా, ఇండియాలో చెప్పాలా వద్దా అన్న ప్రశ్న ఇక్కడ సగం తేలిపోయింది. మామగారికి చెప్పక తప్పదు. ఆయనకు చెబితే అత్తగారికి తెలుస్తుంది. తెలిసే విషయమే కాబట్టి మీ ఇద్దరిలో ఎవరు, ఏ మాటల్లో చెబుతారన్నది ముందే అనుకోండి. ఆ ఫోన్ మీ ఆయన చేస్తేనే బాగుంటుంది, మీరు పక్కన ఉండగా. "అందరం బాగున్నాం, ఇంట్లో లేనప్పుడు దొంగలు పడ్డారు, తలుపు గొళ్లెం విరగ్గొట్టారు, నాన్నా మీరు రేపు సిమ్ షాపుకు వెళ్లాలి" అంటే చాలు. పెద్దవాళ్లకు చేయడానికి ఒక పని ఉంటే ఎవరి తప్పు అన్న విచారణ కాస్త వెనక్కు పోతుంది. కర్ర ప్రస్తావన ఆ కాల్‌లో రాదని ఆయన దగ్గర ముందే మాట తీసుకోండి. ఇది మాత్రం పట్టుబట్టి అడగండి.

క్లెయిమ్ సంగతి. ముందు మీ పాలసీ కాగితం తెరిచి చూడండి. చాలా కాంప్లెక్స్‌లు అద్దెకు చేరేటప్పుడు ఏదో ఒక పాలసీలో చేర్చేస్తాయి. అది ఒక్కోసారి కేవలం లయబిలిటీ పాలసీ, అంటే మీ వల్ల బిల్డింగ్‌కు నష్టం జరిగితే కట్టేది. మీ సామానుకు ఒక్క డాలరు రాదు. సామాను కవరేజీ ఉంటే రెండు సంగతులు చూడండి. డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందు మీరే భరించాల్సిన మొత్తం, ఎంత; పాత ధర కట్టిస్తారా కొత్త ధరా. పాత ధర పాలసీ అయితే మూడేళ్ల కింద 1,400 డాలర్లు పెట్టి కొన్న లాప్‌టాప్‌కు అరుగుదల తీసేసి ఇస్తారు, చేతికొచ్చేది చూస్తే నవ్వొస్తుంది. కొత్త ధర పాలసీ అయితే మొదట తక్కువ ఇచ్చి, మీరు కొత్తది కొని రసీదు చూపించాక మిగతాది ఇస్తారు. ఆఫీసు లాప్‌టాప్ మీ లిస్టులో రాయకండి, దాని సంగతి కంపెనీ చూసుకుంటుంది. బిల్లులు లేవని భయం వద్దు. మెయిల్‌లో పాత ఆర్డర్లు, కార్డు స్టేట్‌మెంట్లు పనికొస్తాయి. బాబు పుట్టినరోజు ఫొటోల్లో కేకు వెనకాల టేబుల్ మీద లాప్‌టాప్, బాబు చేతిలో ఐప్యాడ్ కనిపిస్తుంటే అవీ పనికొస్తాయి. గొలుసు, గాజులకు ఏ పెళ్లిలోనో వేసుకున్న ఫొటో తీయండి. చార్జర్లు, హెడ్‌ఫోన్లు, బ్యాగులు కూడా రాయండి, అవి కలిపితే తక్కువేం కాదు. మొత్తం వచ్చేది డిడక్టిబుల్‌కు కాస్త ఎక్కువే అయితే క్లెయిమ్ చేయాలా అని ఆలోచించండి. క్లెయిమ్ రికార్డు ఏడేళ్ల వరకు ఉంటుంది, ప్రీమియం మీద ప్రభావం పడవచ్చు. మీ విషయంలో పోయినవి చూస్తే చేయడమే లాభం అనిపిస్తోంది. టాక్స్‌లో దొంగతనం నష్టం చూపించుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, ఇళ్లలో ఇలా పోయిన సొంత వస్తువులకు 2018 నుంచి ఆ వెసులుబాటు లేదు.

పది తులాల సలహా ఇచ్చిన స్నేహితుడికి ఒక సంగతి తెలిసినట్టు లేదు. మామూలు రెంటర్స్ (అద్దెకుండేవాళ్ల) పాలసీల్లో నగలు దొంగతనానికి పోతే ఇచ్చేదానికి ఒక పరిమితి ఉంటుంది, చాలావాటిలో అది 1,500 డాలర్ల చుట్టూ. విడిగా నగల కోసం కవరేజీ కొనుక్కుంటే తప్ప, పది తులాలు రాసినా వంద తులాలు రాసినా వచ్చేది అంతే. గొలుసు, రెండు గాజులకే ఆ పరిమితి దాటి ఉంటుంది. అంటే రూపాయి లాభం లేని అబద్ధానికి సంతకం పెట్టమంటున్నాడు. ఇన్సూరెన్స్ మోసం టెక్సస్‌లో నేరం, పెద్ద మొత్తమైతే ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. మోసంతో కూడిన నేరాలను ఇమిగ్రేషన్ చట్టం ఎంత గట్టిగా చూస్తుందో హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. "అందరూ చేస్తారు" అన్నవాడు రేపు మీతోపాటు ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి రాడు.

తలుపు గురించి కాంప్లెక్స్ ఆఫీసుకు ఫోన్ చేసి ఊరుకోకండి, రాతపూర్వకంగా అడగండి. మీ యూనిట్‌లోకి ఎవరో చొరబడ్డారని అందులో రాయండి. అలా రాసినప్పుడు తాళాలు, గొళ్లేలు బాగు చేయడానికి 72 గంటలను తగిన గడువుగా టెక్సస్ చట్టం చూస్తుంది. జరుపుడు గాజు తలుపుకు పిన్ లాక్ (తలుపు జరగకుండా గుచ్చే పిన్ను) ఉండాలన్నది కూడా ఆ చట్టంలోనే ఉంది. మీ తలుపుకు అది అసలు ఉందా? లేకపోతే కర్ర గొడవకు ఇంకో కోణం ఉన్నట్టే. బాబు రాత్రుళ్లు లేస్తున్నాడని రాశారు. కొత్త గొళ్లెం బిగించాక వాడి చేతే వేయించండి. దొంగ మళ్లీ రాడని హామీ ఇవ్వకండి, వస్తే మనం ఏం చేస్తామో చెప్పండి. నెలలు గడిచినా తగ్గకపోతే పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి.

ఇప్పుడు హార్డ్ డిస్క్. నిజం చెప్పాలంటే అది దొరికే అవకాశం మిగతావాటికంటే తక్కువ. దానికి చుక్క లేదు, అమ్మితే పెద్దగా రాదు, చెత్తబుట్టలో పడేసి ఉండొచ్చు. సీరియల్ నంబర్ దొరికితే రిపోర్టులో రాయించండి. మీ కాంప్లెక్స్ చెత్త డబ్బాల చుట్టుపక్కల ఎవరికైనా కనిపించిందేమో మెయింటెనెన్స్ వాళ్లను అడగండి. ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు ఇచ్చాక వస్తువు దొరికితే అది వాళ్లకు చెందవచ్చు. కాబట్టి డిస్క్ దొరికితే డబ్బు వెనక్కిచ్చి మేమే ఉంచుకుంటామని ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

కానీ డిస్క్ వేరు, నాన్నగారి గొంతు వేరు. ఆ వీడియోలు తీసిన రోజుల్లో మీరు వాటిని ఎవరికీ పంపలేదా? అమ్మకు, తమ్ముడికి, ఫ్యామిలీ గ్రూపులో? నాన్నగారు మనవడికి కథ చెబుతున్న వీడియో తీసి ఎవరికీ పంపని ఆడపిల్లను నేనింతవరకు చూడలేదు. వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ ఫోల్డర్‌లో విడిగా మిగిలి ఉంటుంది, చాట్ తుడిచినా చాలాసార్లు ఫైల్ ఉండిపోతుంది. నాణ్యత తగ్గి ఉంటుంది, గొంతు మాత్రం ఉంటుంది. ఆ ప్రయాణంలో మిమ్మల్ని చూడటానికి వచ్చిన పిన్నిలు, బాబాయిల పిల్లలు కూడా ఏదో ఒకటి తీసి ఉంటారు. మీ పాత జీమెయిల్ అకౌంట్లన్నిటితో గూగుల్ ఫొటోస్ తెరిచి ఆ నెలకు వెళ్లండి. బ్యాకప్ ఆన్‌లో ఉన్న సంగతి చాలామందికి తెలియదు. ఫొటోలు డిస్క్‌లోకి ఎక్కించిన పాత లాప్‌టాప్ ఏదైనా అల్మరాలో మూలన పడి ఉంటే అందులోనూ వెతికించండి, కాపీ మిగిలి ఉండొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం నాన్నగారి ఫోన్. అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? అమ్మ దగ్గరే ఉంటే, ఆవిడ చార్జింగ్ పెడుతూ ఉంటే అంతకంటే అదృష్టం లేదు. అందులో మీరు పంపినవీ, ఆయన మీకు పంపిన వాయిస్ మెసేజ్‌లూ ఉంటాయి. ఎవరూ వాట్సాప్‌ను తీసేసి మళ్లీ పెట్టకూడదు, ఫోన్‌ను రీసెట్ చేయకూడదు, "పాతదైపోయింది, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దాం" అనకూడదు. తమ్ముడు ముందు ఫోన్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేయాలి, మీకు పంపేటప్పుడు వీడియోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపాలి, అప్పుడు నాణ్యత ఇంకా పడిపోదు.

దీనికి తొందర కూడా ఉంది. రెండేళ్లు ఎవరూ వాడని వ్యక్తిగత అకౌంట్లను, అందులోని ఫొటోలతో సహా తీసేసే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తోంది. నాన్నగారు పోయి ఏడాదిన్నర అయిందన్నారు. ఆ ఫోన్‌లో ఆయన అకౌంట్ ఇంకా తెరిచి ఉంటే తమ్ముడు అందులోకి వెళ్లి ఫొటోలు దింపుకోవాలి. పాస్‌వర్డ్ తెలియక లోపలికి వెళ్లలేకపోతే, చనిపోయినవారి అకౌంట్ గురించి కుటుంబసభ్యులు గూగుల్‌కు అర్జీ పెట్టుకునే పద్ధతి ఉంది. డెత్ సర్టిఫికెట్ అడుగుతారు, సమయం పడుతుంది, ఒప్పుకుంటారన్న హామీ లేదు. అందుకే ఫోన్ చార్జింగ్‌లో ఉండగానే ఈ పని జరగాలి.

అమ్మకు చెప్పకుండా ఇదంతా ఎలా జరుగుతుంది? తమ్ముడికి మాత్రం చెప్పి, ఏదో వంక పెట్టి ఫోన్ తీసుకోమనవచ్చు. జరుగుతుంది గానీ, భర్త పోయాక ఆ ఫోన్‌ను దాచుకున్న మనిషి దగ్గర వంకలు చెల్లవు. ఎందుకు అని అడుగుతుంది, వాడు తడబడతాడు, ఆవిడ ఇంకేదో పెద్ద ప్రమాదం జరిగిందనుకుంటుంది. బీపీకి అది ఇంకా చెడ్డది. తమ్ముడు తెనాలి వెళ్లి పక్కన కూర్చున్నాక మీరు వీడియో కాల్‌లో బాబును చూపిస్తూ చెప్పడం నా దృష్టిలో మేలు. ఏది చేయాలో ఆవిడ కూతురిగా మీకే బాగా తెలుస్తుంది. తమ్ముడికి మాత్రం ఈ రాత్రే ఫోన్ చేయండి. మీకు తొమ్మిదిన్నర అయితే అక్కడ పొద్దున ఎనిమిది, ఆఫీసుకు బయల్దేరకముందు దొరుకుతాడు. ముందు అడగాల్సింది ఒక్కటే: నాన్న ఫోన్ ఎక్కడుంది, ఆన్ అవుతోందా?